ధనుశ్రీ ఖాతా

ఒంటిగంట బస్సు పావగడ బస్టాండులో పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఆ ఆలస్యానికి నయన లోలోపల సంతోషించింది, ఇప్పుడు ఏం జరిగినా తప్పులో కొంత బస్సు మీదికి నెట్టవచ్చు. రెండు గంటలకు, అంటే జర్మనీలో పొద్దున తొమ్మిదిన్నరకు, తన స్నేహితురాలు ధనుశ్రీ ఒక కాగితం మీద సంతకం పెట్టబోతోంది. పెట్టవచ్చా కూడదా చెప్పమని నిన్న సాయంత్రం నుంచి అడుగుతోంది. నాలుగు వాయిస్ మెసేజీలు, మూడు ఫోటోలు. నయన అన్నీ విన్నది, అన్నీ చూసింది, విన్నట్టూ చూసినట్టూ అవతల దానికి తెలిసేలా నీలం గుర్తులు కూడా పడ్డాయి. జవాబు మాత్రం ఇవ్వలేదు. కిటికీ పక్క సీటు, ఒళ్ళో నల్ల సంచి, సంచిలో వేలిముద్రల మిషను, సంచి మీద బోర్లా పెట్టిన ఫోను, ఫోను మీద తన అరచెయ్యి. ఎందుకివ్వలేదంటే పని ఉండింది. నిన్న పని ఉండింది, తర్వాత తలనొప్పి, పొద్దున బ్యాంకులో జనం. ఒక మాట టైపు చేయడానికి ఎంతసేపు పడుతుందే నీకు, అని లోపల ఎవరో అడిగారు. నయన కిటికీ వైపు తిరిగింది. గుట్ట మీది రాళ్ళు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి, మార్చి మొదటి వారానికే ఇంత ఎండ. అక్కడ చలి అని చెప్పింది. చలి అని చెప్పేటప్పుడు కూడా దాని గొంతులో ఒక గొప్ప, లేదు, గొప్ప లేదు, గొప్ప ఉన్నట్టు నేనే విన్నాను, ఉంటే బాగుండునని విన్నాను.

మొదటి మెసేజి ఆమెకు కంఠతా వచ్చేసింది. "ఏమ్మే నయనా, బాగుండావా. ఈడ నా పేరున ఖాతా తెరిస్తేనే జీతమంట. మూడు దారులుండాయి. ఒకటి మూలమీద బ్యాంకు, మనుషులుండారు, నెలనెలా ఏదో ఫీజు పట్టుకుంటారంట. రెండోది ఫోన్లోనే ఉండే బ్యాంకు, ఫీజు లేదు, మనిషీ లేడు. మూడోది మమ్మల్ని తీసుకొచ్చిన ఏజెన్సీ సారు చెప్తాండేది. ఒక్క సంతకం పెడితే చాలంట, అంతా వాళ్ళే తెరిపిచ్చి వాళ్ళే చూసుకుంటారంట. ఆ కాగితం చదివినా. చదివేకి వస్తాది నయనా, పదాలు అర్థమయితాయి, కాగితమే అర్థం కాలేదు. నువ్వు బ్యాంకు దానివి. ఏది పట్టుకోవల్ల, నువ్వు చెప్పు." నువ్వు బ్యాంకు దానివి. ఎగతాళి చేసిందా? ధనుశ్రీకి ఎగతాళి రాదు, అదే దానితో కష్టం. నయన బ్యాంకు మనిషి కాదని దానికి తెలుసు. బ్యాంకు మిత్ర అంటే బ్యాంకు ఉద్యోగి కాదు. వేలిముద్రల మిషను ఒళ్ళో పెట్టుకుని పల్లెలు తిరిగి, ముసలివాళ్ళ బొటనవేళ్ళు గుడ్డతో తుడిచి, మిషను మీద ఒత్తించి, వాళ్ళ పెన్షను వాళ్ళ చేతికిచ్చే కమీషను మనిషి. సోమ, బుధ వై.ఎన్.హొసకోట, మంగళవారం బలసముద్రం. ఈ రోజు మంగళవారం. బలసముద్రంలో మిషను పెట్టుకుని కూచునేది ఎవరి అరుగు మీద? ఓబక్క అరుగు మీద. ఓబక్క ధనుశ్రీ వాళ్ళమ్మ. మూడేళ్ళుగా ప్రతి మంగళవారం ఆ అరుగు మీద కూచుని, నీళ్ళిస్తే తాగి, ఓబక్క నోట ధనుశ్రీ కబుర్లు విని, నవ్వి, మూడున్నర బస్సుకి వెనక్కి రావడం. ఇవాళ కూడా అంతే. ఒకవేళ ఇవాళ అంతే కాకపోతే?

కాగితంలో ఏముందో నయనకు మొదటిసారి విన్నప్పుడే అర్థమైంది. రెండో మెసేజిలో ధనుశ్రీ ఆ కాగితాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది, ఆగి, వెతుక్కుని. "ఖాతాదారు బదులుగా ఖాతాను నడిపించే అధికారం... ఏజెన్సీకి ఇస్తాండాను... ఖాతా ఫోను నంబరు ఏజెన్సీది ఉంటాది..." అక్కడే నయన వీపు నిటారుగా అయింది. సోలార్ పార్కు కొత్తగా వచ్చిన రోజుల్లో పల్లెలన్నీ ఖాతాలు తెరిచాయి, భూమి కౌలు ఏడాదికొకసారి ఖాతాలోనే పడుతుందన్నారు. అప్పుడొక బ్రోకరు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపి పుణ్యం కట్టుకున్నాడు. అన్ని ఫారాల్లోనూ ఫోను నంబరు తనదే రాసుకున్నాడు. కొన్నేళ్ళకు గుండప్ప అనే ముసలాయన పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకొచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. అప్పుడు నయన బ్యాంకు మిత్ర ట్రెయినింగులో ఉంది, పాస్‌బుక్ మిషనులో పెట్టి తీసి ఇచ్చింది, కౌలు పడినట్టూ పడిన రోజే ఎవరో తీసేసినట్టూ అందులో అచ్చయింది. ఆయన అరవలేదు, ఏడవలేదు. "నా పేరే కదమ్మా రాసుండేది, మళ్ళ నాకెందుకు తెలీలేదు?" అన్నాడు. అంతే అన్నాడు. అంచేత నయనకు తెలుసు. పెట్టొద్దు. ఆ ఒక్క మాట. ధనూ, పెట్టొద్దు, ఆ కాగితం చించి పారెయ్. నిన్న సాయంత్రం వేళ్ళు ఆ మాట దగ్గరికి పోయాయి కూడా. అప్పుడే మూడో ఫోటో తెరుచుకుంది.

ఫోటోలో ధనుశ్రీ లేదు, ఒక ఇనుప డబ్బా ఉంది. ఇంటి గోడకు బిగించిన ఉత్తరాల డబ్బా, దాని మీద చీటీ, చీటీ మీద టైపు చేసిన పేరు, ధనుశ్రీ చిన్నరంగప్ప. కింద రాసింది, "డబ్బా మీద పేరు లేకపోతే ఈడ బ్యాంకు ఉత్తరం రాదంట నయనా, అందుకే అంటిచ్చినా". అంతే, అంత చిన్న సంగతి. నయన ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది, ఇంకా పెద్దది చేసి చూసింది, అక్షరాలు చెదిరిపోయేదాకా. నాకు ఇరవై ఏడేళ్ళు, నా పేరు ఏ తలుపు మీదా లేదు. నాన్న అంగడి బోర్డు మీద నారాయణప్ప అండ్ సన్ అని ఉంది, ఆ సన్ తమ్ముడు తేజస్, వాడు అంగట్లో కూచోడు, అయినా బోర్డు మీద ఉన్నాడు. ఓబక్క కూతురి పేరు మాత్రం జర్మనీలో గోడకెక్కింది. ఓబక్క కూతురు అని ఎందుకనుకున్నాను, ధనూ అనుకోవచ్చు కదా. అమ్మ అన్నట్టే అనుకున్నాను. మన గోడౌన్లో కాయలొలిచిన దాని కూతురు, అంటుంది అమ్మ పద్మాక్షి, ఒక్కోసారి మెచ్చుకున్నట్టు, ఒక్కోసారి ఉమ్మినట్టు, మాట అదే. నయన ఎప్పుడూ అమ్మను కసురుతుంది. కసురుతూ లోపల ఆ మాటను చప్పరిస్తుంది.

గోడౌన్లో వేరుశనగ కుప్ప నయన కంటే ఎత్తుండేది. ఓబక్కతో పాటు ఎనిమిదిమంది ఆడవాళ్ళు కూచుని వొలిచేవాళ్ళు, సెలవురోజుల్లో ధనుశ్రీ కూడా వచ్చేది, వచ్చి రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి చిట్లించేది. నయన ఎక్కాలు అప్పజెప్పించేది. పదమూడో ఎక్కం దగ్గర ధనుశ్రీ ఆగితే నయన నెత్తిన మొట్టేది, మొట్టే హక్కు ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు. ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్పుకి ఖాతా కావాలంటే ధనుశ్రీ ఫారం నయనే నింపింది, నాన్న పెన్నుతో, అంగట్లో గల్లాపెట్టె పక్కన కూచుని. నామినీ అన్న చోట ఏం రాయాలంటే ధనుశ్రీ, "నీ పేరు రాయి" అంది. నామినీ అంటే నువ్వు చచ్చిపోతే తీసుకునేవాళ్ళే పిచ్చిదానా అంటే, "అవును కదా, నీకే" అంది. బ్యాంకు మేనేజరు నవ్వి కొట్టేసి ఓబక్క పేరు రాయించాడు. పదమూడేళ్ళ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది. అప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండింది. దానికి నేను లేకపోతే ఏ ఫారమూ లేదు, ఏ బ్యాంకూ లేదు. ఎక్కడ తిరగబడింది ఇది, ఏ రోజు, ఏ గంటకు? అలా ఒక రోజంటూ ఉంటే దాన్ని పట్టుకుని చూడవచ్చు.

బస్సు ఒక క్రాసు రోడ్డు దగ్గర ఆగింది. పెద్ద మూటతో ఒక ఆడమనిషి ఎక్కి నయన పక్కన కూలబడింది. రంగక్క, బలసముద్రమే, పెన్షనుకి నెలనెలా నయన ముందు వేలు పెట్టే మనిషి. మూట కాళ్ళ కింద తోసుకుని, చెమట తుడుచుకుని, వెనక సీటు ఆమెతో మాట కలిపింది. "ఈయమ్మ ఎవరనుకున్నావు? జర్మనీలో ఉండాది చూడు మన చిన్నరంగప్ప కూతురు, ఆయమ్మకి స్నేహితురాలు." వెనక సీటు ఆమె ముందుకు వంగి నయన ముఖం చూసింది. "అట్లనా! నువ్వు పోలేదేమ్మా మళ్ళ?" నయన నవ్వింది. "ఇంట్లో ఒప్పుకోలేదక్కా," అంది. ఎంత సులభంగా వచ్చేసింది. నాలుగేళ్ళుగా ఆ అబద్ధం నోట్లో కరక్కాయ ముక్కలా ఒక పక్కన ఉండిపోయింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు నాలుకతో ముందుకు తోయవచ్చు. రంగక్క, "అవునప్పా, సెట్లు ఆడపిల్లల్ని దూరం పంపరు," అని నాన్న తరఫున తీర్పు కూడా చెప్పేసింది. ఒకప్పుడు పావగడ బజారులో ధనుశ్రీని చూపించి నారాయణప్ప కూతురి స్నేహితురాలు అనేవాళ్ళు. ఇప్పుడు నేను ఆయమ్మ స్నేహితురాలిని. రాను రాను నా పేరు కూడా అడగరు.

ఫోను తిప్పి చూసింది. ఒకటి నలభై. కొత్త మెసేజి లేదు. లేకపోవడం కూడా కోపం తెప్పించింది. ఇంకోసారి అడగవచ్చు కదా, బతిమాలుకోవచ్చు కదా. చదువుకుంది, ఆస్పత్రిలో మనుషుల ప్రాణాలు చూసుకుంటుంది, పరాయి భాషలో పరీక్ష రాసి పాసైంది, ఒక కాగితం మంచిదో చెడ్డదో తెలుసుకోలేదా? తెలుసుకోనీ. ఒకసారి కాలితే తెలుస్తుంది. అందరికీ అన్నీ నేనే నింపిపెట్టాలా? నేను చెప్పకపోయినంత మాత్రాన నేను చెడగొట్టినట్టా? చెడగొట్టేవాడు ఆ ఏజెన్సీవాడు. నేను బస్సులో ఉన్నాను. బస్సులో ఉన్న మనిషి ఏం చేస్తుంది? ఇలా ఒక్కో మాటా పేర్చుకుంటూ పోతే గోడ చక్కగా లేచింది, నయన ఆ గోడకు ఆనుకుని కూచుంది. బస్సు మలుపు తిరిగింది. అటువైపు నేలంతా నల్లగా, నీలంగా, కంటికి ఆనినంత దూరం సోలార్ అద్దాలు. ఎన్నిసార్లు చూసినా మొదటి క్షణం నీళ్ళనుకుంటుంది మనసు, ఈ సీమలో అన్ని నీళ్ళెక్కడివని రెండో క్షణం సర్దుకుంటుంది. ఆ అద్దాల కింద ఎక్కడో చిన్నరంగప్ప నాలుగెకరాలు ఉన్నాయి. భూమి కౌలుకిచ్చి, ఆ భూమిలోనే పలకలు కడిగే కూలికి పోతాడు ధనుశ్రీ వాళ్ళ నాన్న. ఆ కౌలుతోనే కూతుర్ని తుమకూరులో నర్సింగు చదివించాడు. వేరుశనగ పంటకు వానొచ్చేదాకా ఆకాశం చూసిన మనిషికి ఎండే పంటయింది. మాకేమో అంగడి. అంగడి అలాగే ఉంది, వేరుశనగ పంట తగ్గి గోడౌను సగం ఖాళీ అయింది. వాళ్ళకు కలిసొచ్చింది, మాకు రాలేదు. కాదు, కాదు. కలిసి రాకపోవడం కాదు నయనా, అబద్ధం చెప్పేది కనీసం నీకు నువ్వు చెప్పుకోకు.

కలిసొచ్చింది. వచ్చి తుమకూరు బస్టాండులో నా ముందు నిలబడింది కూడా. నాలుగేళ్ళ కిందట, బ్యాంకు క్లర్కు పరీక్ష మూడోసారి రాసి పాసై, పోస్టింగు ఎక్కడో దూరాన, కలబురగిలో వచ్చింది. నాన్న ఒప్పుకోకపోవడం ఎక్కడిది? నాన్న కొత్త సూట్‌కేసు కొన్నాడు. అంగడికొచ్చిన ప్రతివాడికీ దూద్ పేడా పెట్టాడు. తుమకూరు దాకా తానే దింపుతానంటే నయనే వద్దంది, ధనూ అక్కడే చదువుకుంటోంది, అది బస్సెక్కిస్తుంది అంది. ధనుశ్రీ హాస్టలు నుంచి చిత్రాన్నం పొట్లం కట్టుకుని వచ్చింది. సాయంత్రం బస్సు. బస్సు ముందు కన్నడంలో కలబురగి అని పసుపు అక్షరాలు. ధనుశ్రీ సూట్‌కేసు పైకెక్కించి, సీటు తుడిచి, కిందికి దిగి, "ఎక్కు" అంది. నయన ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు రాలేదు. అంతే, రాలేదు. ఎవరో నేలకు మేకు కొట్టినట్టు. కండక్టరు అరుస్తున్నాడు. "నాకు భయమైతాంది ధనూ." ఆ గొంతు తనదేనా అనుకుంది. ధనుశ్రీ ఒక్క క్షణం చూసి, "నేనూ వస్తా నీతో. రెండు దినాలుండి నిన్ను అలవాటు చేసి వస్తా. ఈ బట్టలతోనే వస్తా, నడువు," అంది. అంత చెప్పినా రాలేదు ఆ కాలు. ధనుశ్రీ మళ్ళీ పైకెక్కి సూట్‌కేసు దింపింది. హాస్టల్లో ఒకే మంచం మీద ఇద్దరూ పడుకున్నారు, చిత్రాన్నం ఇద్దరూ తిన్నారు. మర్నాడు నయన ఇంటికొచ్చి సర్టిఫికెట్లలో ఏదో తేడా ఉందంట, మళ్ళీ పిలుస్తారంట అని చెప్పింది. ఆ మాట కొన్నాళ్ళకు ఇంట్లో ఒప్పుకోలేదుగా మారి బజారుకెక్కింది. నాన్న ఆ నింద విన్నాడు, విని ఒక్కరోజూ కాదనలేదు. ఆయనకు ఎంత తెలుసో నయనకు తెలియదు. మొత్తం తెలిసింది ధనుశ్రీ ఒక్కదానికే. నాలుగేళ్ళలో ఎవరి దగ్గరా నోరు జారలేదు, కోపంలో కూడా, ఆటకు కూడా. దాన్నే నయన క్షమించలేకపోతోంది.

పోయిన నెల బెంగళూరు ఎయిర్‌పోర్టు. ఓబక్క, చిన్నరంగప్ప, నయన, ముగ్గురూ గాజు తలుపు బయట. ధనుశ్రీ అమ్మానాన్నల కాళ్ళకు దండం పెట్టి, నయన దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది, "కాళ్ళు వణుకుతాండాయి నయనా, చూడు". నయన చూసింది. నిజంగానే వణుకుతున్నాయి, చుడీదారు అంచు కదులుతోంది. ఆ వణికే కాళ్ళతోనే లోపలికి నడిచిపోయింది. దానికి భయం లేదు కాబట్టి పోయింది, నాకుంది కాబట్టి పోలేదు అనుకుంటే ఎంత సుఖంగా ఉండేది. ఆ సుఖం కూడా చెవిలో చెప్పి పీకేసింది. అదే భయం. అదే కాళ్ళు. ఒకరు పోయారు, ఒకరు పోలేదు.

ఒకటి నలభై ఎనిమిది. నయన కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలో ఒక బొమ్మ తనంతట తానే వచ్చింది. ఏడాది గడిచింది. ధనుశ్రీ తిరిగొచ్చింది, అదే గాజు తలుపులోంచి, ముఖం చిక్కిపోయి, ఒక్క సంచితో. అరుగు మీద కూచుని ఏడుస్తోంది, అంతా వాళ్ళే తీసుకున్నారు నయనా, నా పేరే రాసుంది, నాకే తెలీలేదు. నయన దాని వీపు నిమురుతోంది. ఊరుకోవే, నేనున్నాను కదా, పద, కొత్త ఫారం నింపుదాం. ఎంత బాగుంది ఆ బొమ్మ. ఎంత చల్లగా ఉంది లోపల. పెదవుల మీదికి చిరునవ్వు కూడా వచ్చింది, అది తనకు తెలిసింది, తెలిసిన క్షణంలో కళ్ళు తెరుచుకున్నాయి. రంగక్క తనవైపే చూస్తోంది. "ఏమ్మా, ఏదో మంచి సంగతి తలుచుకుంటాండట్టుంది?" అంది.

కన్నీళ్ళతో వస్తే ముద్దొస్తుందా నీకది? బాగుంటే పనికిరాదా? అక్కడ ఏడ్చేది ధనూ ఒక్కతే కాదే, ఎండలో అద్దాలు కడిగే చిన్నరంగప్ప ఏడుస్తాడు, గుండప్పలా అరవకుండా నిలబడతాడు. ఫోను తీసింది. పెట్టొద్దు. సంతకం పెట్టొద్దు ధనూ. పంపు. మెసేజి పక్కన చిన్న గడియారం గుర్తు తిరుగుతూ కూచుంది. పైన సిగ్నలు గీతలు లేవు. ఈ అద్దాల మధ్య రెండు మూడు మైళ్ళు ఎప్పుడూ ఉండదు, మూడేళ్ళుగా తిరుగుతున్న దారి, ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే ఇంతసేపూ ఆగిందా? ఒకటి యాభై ఒకటి. ఫోను కిటికీ బయటికి చాచి పట్టుకుంది. "చెయ్యి లోపల పెట్టమ్మా," అని కండక్టరు అరిచాడు. ముందు గొర్రెల మంద రోడ్డుకు అడ్డంగా దాటుతోంది, డ్రైవరు హారను మోగించి మోగించి చివరికి ఇంజను ఆపేశాడు. ఇందాకటి ఆలస్యం తనకు చుట్టంలా అనిపించింది, ఇప్పుడు అదే గొంతు మీద కూచుంది. ఫోను చేసింది, పోలేదు. మళ్ళీ చేసింది. ధనూ, ఒక్క పది నిమిషాలు ఆగవే. నువ్వెప్పుడూ అన్నిటికీ ముందే తయారవుతావు, ఇవాళ ఆలస్యం చెయ్యి. పెన్ను పనిచేయకపోనీ. ఏజెన్సీవాడు రాకపోనీ. దేవుడా, గొర్రెలు ఇన్ని ఉంటాయా? రంగక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏమైందమ్మా, ఎవరికన్నా బాగలేదా?" నాకే బాగలేదు రంగక్కా అనబోయి, లేదన్నట్టు తల ఊపింది.

బలసముద్రంలో దిగేసరికి రెండుంబావు. ఫోనులో గీతలు వచ్చాయి, గడియారం గుర్తు పోయి రెండు టిక్కులు పడ్డాయి, అవి నీలం కాలేదు. సంచి భుజాన కొట్టుకుంటూ ఉంటే నయన సందులో పరుగెత్తింది. పావగడ బజారు సెట్టి కూతురు పల్లె వీధిలో పరుగెత్తడం అరుగుల మీది వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఓబక్క ఇంటి ముందు అయిదారుగురు ముసలివాళ్ళు అప్పటికే కాచుకుని ఉన్నారు. ఓబక్క గడపలో కూచుని ఫోను ముఖానికి దూరంగా పట్టుకుని ఉంది, ఫోనులో ధనుశ్రీ. నీలం చలికోటు, వెనక ఒక మెట్ల దారి.

"ఇదో, వచ్చె నయనమ్మ," అంది ఓబక్క.

నయన ఫోను దాదాపు లాక్కుంది. "పెట్టినావా?"

"ఏంది?"

"సంతకం! పెట్టినావా ధనూ?"

"లేదు," అంది ధనుశ్రీ. "పెట్టేకి పెన్ను కూడా ఇచ్చిరి. కింద మా అమ్మతో ఒక మాట మాట్లాడి వస్తానని చెప్పి మెట్లు దిగినా."

నయన అరుగు స్తంభం పట్టుకుని కూచుంది. ధనుశ్రీ అటు నుంచి నవ్వుతోంది. "నువ్వు జవాబీలేదు కదా. అప్పుడే నాకు అనుమానమొచ్చె. మంచిదయితే నయన వెంటనే పెట్టు అనేసేది, ఏదో తప్పుండాది, సరిగ్గా విచారించి చెప్తామని చూస్తాంది అనుకొంటి. నువ్వు చెప్పేదాకా పెట్టకూడదు అని అనుకొంటి." ఓబక్క పక్కన పెన్షనుకి కాచుకుని కూచున్న ఆంజినమ్మతో, "చిన్నప్పటి నుంచీ అంతే, ఈయమ్మ చూడని కాగితం మా పాప పట్టదు," అంది, ఎంతో ప్రేమగా.

ఇప్పుడు ఊరుకుంటే చాలు. అవునే, విచారిస్తున్నాను, అంటే చాలు, ఆ మాట కూడా అనక్కర్లేదు, తల ఊపితే చాలు. ఆ మౌనానికి ఎంత అందమైన పేరు దొరికింది, ఊరికే దొరికింది. నయన నోరు తెరిచింది. ఇంట్లో ఒప్పుకోలేదు అన్నంత సులభంగా ఇదీ జారిపోతుంది, ఇక జన్మంతా నోట్లో ఉంటుంది. ముసలివాళ్ళు చూస్తున్నారు. ఓబక్క చూస్తోంది. ఫోనులో దాని ముఖం, చలికి ముక్కు ఎర్రబడి, ఏ అనుమానమూ లేకుండా.

"లేదు ధనూ," అంది. "నేను ఏమీ విచారించలేదు. నిన్ననే నాకు తెలుసు. ఆ కాగితం మీద సంతకం పెడితే నీ ఖాతా నీది కాదు, వాళ్ళది. తెలిసీ చెప్పలేదు."

"ఏంటికి?"

"కడుపుమంట," అంది నయన. అంత చిన్న మాట. "నీ డబ్బా మీద నీ పేరు చూస్తి కదా. ఓర్చుకోలేకపోయినా."

ఫోనులో ధనుశ్రీ ముఖం కదల్లేదు, నెట్టు ఆగిపోయిందేమో అనుకుంది నయన, ఆగిపోయుంటే బాగుండునని కూడా అనుకుంది. వెనక మెట్ల మీద ఎవరో దిగి పోయారు. అంటే ఆగలేదు, అది వింటోంది. విని చూస్తోంది. చూడనీ. ఎంతసేపైనా చూడనీ, తల దించను. తల దించింది.

"నయనా," అంది చివరికి ధనుశ్రీ. "కోపమొస్తాంది నీ మీద. ఇప్పుడు తిట్టేకి టైం లేదు. పనైనంక ఫోన్ చేసి తిడతా, ఎత్తల్ల నువ్వు."

"ఎత్తుతా."

"ఇప్పుడు చెప్పు. పైన సారు కూర్చోనుండాడు. ఏ బ్యాంకు?"

నయన కళ్ళు తుడుచుకుంది. ఈ ప్రశ్నకు జవాబు కూడా నిన్నటి నుంచే తన దగ్గర ఉంది. "మూలమీద బ్యాంకు. ఫీజు పోతే పోనీ. తప్పు జరిగితే పోయి అడిగేకి ఎదురుగా ఒక మనిషి ఉండల్ల. ఫోను నంబరు నీది రాయి, ఇంకెవరిదీ రాయొద్దు. రహస్య నంబరు ఉత్తరంలో వస్తాది, ఎవరికీ చూపియ్యొద్దు. పై ఆయనకు, నా ఖాతా నేనే తెరుస్తా, నంబరు మాత్రం ఇస్తా, జీతం దాంట్లో ఎయ్యండి అని చెప్పు. కోప్పడితే పడనీ. నీతో వచ్చిన మిగతా పిల్లలకు కూడా చెప్పు."

"సరే. పైకి పోయి చెప్పొస్తా. కట్ చేయొద్దు, నాకు భయమైతాంది."

ఫోను జేబులో పడ్డట్టుంది, తెర నల్లబడింది, బట్ట రాసుకునే చప్పుడు, మెట్లు, తలుపు, తర్వాత ధనుశ్రీ గొంతు నయనకు తెలియని భాషలో. మొదట తడబడింది, రెండోసారి అదే మాట గట్టిగా అంది. ఒక మగ గొంతు లేచింది, చాలాసేపు మాట్లాడింది. ధనుశ్రీ గొంతు మళ్ళీ అదే మాట అంది. ఓబక్క నయన చేతిమీద చెయ్యి వేయలేదు. తిట్టలేదు. కాసేపు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసి, లోపలికి పోయి నీళ్ళచెంబు తెచ్చి, చేతికివ్వకుండా పక్కన పెట్టింది. "మిషను తీయమ్మా," అంది, "అందరూ పొద్దున్నుంచి కాసుకోనుండారు." నయన సంచి తెరిచి మిషను తీసి అరుగు మీద పెట్టింది. ఆంజినమ్మ ముందుకు జరిగి బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది.

అప్పుడు ఫోను తెర ఒక్కసారిగా తెల్లబడింది. ధనుశ్రీ వీధిలోకి వచ్చేసింది. ఫోను ముందుకు తిప్పి పట్టుకుని నడుస్తోంది. రాళ్ళు పరిచిన దారి, రాత్రి కురిసిన మంచు అంచుల్లో ఇంకా కరగలేదు, ఇంటింటికీ వాలు కప్పు, దూరంగా గంట కొట్టుకుంటూ ట్రాము. నడిచేది దాని కాళ్ళు, కదిలేది ఇక్కడ నయన చూపు. ఆ దారి ఎంత బాగుంది. నేను అక్కడ ఉండవలసింది. కాలు పెట్టి ఉంటే కలబురగి, కలబురగి నుంచి ఇంకెక్కడికో, ఏమో. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, నిన్న ఎక్కడ ఉందో అక్కడే, గుండె కింద, వెచ్చగా, బరువుగా ఉంది. మూలమీద ఎర్ర అక్షరాల బోర్డు కనబడింది. ధనుశ్రీ నడక వేగం పెంచింది, మంచు ముద్దలు బూటు కింద చిట్లుతున్నాయి.

"కింద చూసి నడువే," అంది నయన ఫోనులోకి, "జారతావు."